ఊపిరి తీసుకునే చోటు

కీబోర్డుకి ఊపిరి అక్కర్లేదు. నా గొడవంతా అక్కడే ఉంది. ఈ మాట ఎవరితో అన్నా చాదస్తమని నవ్వుతారు. నవ్వనివ్వండి. మీసం మొలిచినప్పటి నుంచి అది నెరిసేదాకా నేను బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించాను. పెళ్ళిళ్ళకి వాయించాను, జాతరలకి వాయించాను, శవాల ముందు వాయించాను. ఇన్నేళ్ళలో ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా వాయించలేదు. వాయించడం చేతకాక కాదు, మా పద్ధతే అంత.

మా తాతకి క్లారినెట్ నేర్పినాయన రంగం, అంటే బర్మాలో రంగూన్, వెళ్ళొచ్చిన మనిషి. మా వైపు నుంచి ఓడెక్కి రంగం పోవడం ఆ రోజుల్లో మామూలే. అందరూ మిల్లుల్లో కూలికి చేరితే ఈయన ఏదో హోటల్లో దొరల ముందు వాయించే బ్యాండులో చేరాడట. తిరిగొచ్చేటప్పుడు ఒక నల్ల క్లారినెట్టూ, ఇక్కడెవరూ వినని ఒక వాయింపూ తెచ్చుకున్నాడు. ఆ వాయింపులో ట్రంపెట్ పాట పాడుతుంది. క్లారినెట్ పాట జోలికి పోదు, దాని చుట్టూ తిరుగుతుంది. ట్రంపెట్ ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట చటుక్కున లోపలికి దూరి, ఆయన మళ్ళీ అందుకునేలోగా బయటికొచ్చేస్తుంది. పూలదండలో పువ్వుకీ పువ్వుకీ మధ్య మరువం పెట్టి కడతారే, అలాగన్నమాట. ఆ పెద్దాయన దాన్ని జాజు అనేవాడట. అది అమెరికాలో నల్లవాళ్ళ వీధుల్లో పుట్టిన జాజ్ అని మాకు తెలిసేసరికి తాతా లేడు, నాన్నా లేడు. మా ఇంట్లో మాత్రం దాన్ని సందు కట్టడం అనేవాళ్ళం.

చుట్టుపక్కల మేళాలన్నిటిలో ట్రంపెట్టూ క్లారినెట్టూ కలిసి ఒకే పాట వాయిస్తాయి. మాది ఒక్కటే ఇలా ఉండేది. ఒకసారి మామిడికుదురు దగ్గర పెళ్ళిలో కొబ్బరితోటల ఆసామి ఒకాయన నాన్నని పట్టుకుని నిలదీశాడు.

"ఏవండీ, అందరూ ఒక పాట వాయిస్తుంటే మీరొక్కరూ ఇంకేదో వాయిస్తున్నారేంటండి? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని..."

"ఆయ్, మాది ఉలిపికట్టెల వంశమేనండి" అన్నాడు నాన్న.

మా బావగారిది రాయవరం వైపు. ట్రంపెట్ నేర్చుకుందామని నాన్న దగ్గరికొచ్చి మా ఊళ్ళోనే ఉండిపోయారు. నాన్న ఆయన చేతిలో ముందు ట్రంపెట్ పెట్టాడు, తరవాత మా అక్క చెయ్యి పెట్టాడు. రెండిట్లో ఏది బరువని ఎవరైనా ఎటకారం చేస్తే, అక్క వంటింట్లో ఉందో లేదో చూసుకుని మరీ జవాబు చెప్పేవారు.

సందు కట్టడం నాన్న నేర్పాడు గానీ, ఎప్పుడు కట్టాలో నాకు నేర్పింది బావగారే. ఊరేగింపులో నేను ఆయనకి కుడిపక్కన, ఒక్క అడుగు వెనక నడిచేవాణ్ణి.

"ఒరే బావమరిదీ, నా వేళ్ళు చూడకు, భుజం చూడు" అనేవారు.

మా మేళం కోటు ఎర్రది. భుజాల మీద జరీ కుచ్చులుండేవి. ఆయన ఊపిరి తీసుకోబోయే ముందు కుడిభుజం కొంచెం లేచేది, కుచ్చులు కదిలేవి. అంతే, నా వేళ్ళు వెళ్ళిపోయేవి. కొన్నేళ్ళకి చూడక్కర్లేకుండానే తెలిసిపోయేది. అయినా చూసేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, నా బతుకులో ఏ మనిషి ముఖాన్నీ ఆ భుజాన్ని చూసినంత శ్రద్ధగా చూడలేదని.

అక్కకి ఏ వాయిద్యమూ ఇవ్వలేదు. ఆడపిల్ల మేళంలో ఏం చేస్తుందన్నారు. కానీ పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో విన్నది వింటూనే ఉంది కదా. మేం కాలవగట్టు మీద సాధన చేసి ఇంటికొస్తే, చేపలు తోముతూ తల ఎత్తకుండానే "ఇవాళ రెండో చరణంలో తొందరపడ్డావేంట్రా" అనేది. ఇంటరుగు మీద వాయిస్తుంటే, కాసేపు ఊరుకుని లోపల్నుంచి బావగారికి కేకేసేది.

"చాలండీ, ఆయాసమొస్తుంది."

ఆ రోజుల్లో ఆ మాటకి అన్నం చల్లారిపోతోందని అర్థం.

కొత్తపేటలో ఒక పెళ్ళి ఊరేగింపు. పొద్దువాలే వేళ, ఎండ ఇంకా కొబ్బరాకుల మీద ఉంది. బావగారు పాట ఎత్తుకున్నారు. ఆయన ఎప్పుడూ మొదట ఎత్తుకునే పాటే, మేం వందలసార్లు వాయించింది. ఉన్నట్టుండి పల్లవి సగంలో, ఎన్నడూ ఆగని చోట, కుచ్చులు కదిలాయి. ఇదేంటని నేను అనుకునేలోపే నా వేళ్ళు వెళ్ళి ఆ ఖాళీ నింపేశాయి. చరణంలో మళ్ళీ అలాగే జరిగింది. ఊరేగింపు అయ్యాక పెళ్ళికూతురి మేనమామ వచ్చి నా భుజం తట్టాడు.

"ఇవాళ క్లారినెట్ మాష్టారు అదరగొట్టేసేరండి బాబూ."

నాకు సంతోషం వేసింది. ఎందుకు వేసిందంటే, మా పద్ధతిలో క్లారినెట్‌ని ఎవరూ మెచ్చుకోరు. పాట ఎవరు వాయిస్తే వాళ్ళనే మెచ్చుకుంటారు. ఆ సంతోషంతోనే బావగారిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన కాలవ తూము మీద కూర్చుని, ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళకి ఆన్చి ఉన్నారు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"పల్లవిలో కొత్త సందు పెట్టేనురా. బాగుందా?" అన్నారు.

"బాగుందండి బావగారూ" అన్నాను.

తూము కింద నీళ్ళు చూస్తూ ఇద్దరం టీ తాగాం.

అమలాపురంలో డాక్టరు గారు ఊపిరితిత్తులు బాగా అలిసిపోయాయన్నారు. ఇంక ఊదకూడదన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు.

"ఊదడం మానేస్తే ఊపిరి ఉంటుందంటాడేంట్రా ఆయన? నాకు రెండూ ఒకటే కదా."

నాకు ఒళ్ళు మండింది. "అక్కతో చెప్తాను. ఆవిడే ఆ ట్రంపెట్ తీసుకెళ్ళి ఏట్లో పారేస్తుంది" అన్నాను.

"మీ అక్కకి చెప్పకు. మీ అన్నయ్యకి అసలు చెప్పకు."

అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు. పెద్ద డ్రమ్ము వాయిస్తాడు, మేళం బేరాలు కూడా తనే చూస్తాడు. చెడ్డవాడేం కాదు, కానీ ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. అన్ని మేళాలూ ట్రక్కు ఆటో మీద కీబోర్డు పెట్టుకుని తిరుగుతున్నాయి, మనం ఇంకా నోటితో ఊదుకుంటూ నడిస్తే ఎవరు పిలుస్తారని చాలాకాలంగా పోరుతున్నాడు. ట్రంపెట్ ఆయన ఉండగా ఎందుకని ఆగాడు.

"తెలిస్తే ఏమవుతుందండి? మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెడతారు. కూర్చోండి. ప్రాణం కంటే ఎక్కువా?"

బావగారు కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అన్నారు. "నేను కూర్చుంటే ఆ పెట్టె వస్తుందిరా. అది ఎక్కడా ఆగదు. అప్పుడు నువ్వెక్కడ వాయిస్తావు?"

ఆ తరవాత ఆయన నా కోసం ఊదారు. ఆయన ఆగిన చోటల్లా ఎవరికీ తెలియకుండా నేను నింపుతూ వచ్చాను. ఆయన చోటు నేను కాపాడుతున్నానని నేనూ, నా చోటు ఆయన కాపాడుతున్నారని ఆయనా అనుకున్నాం. ఆ ఏడాదంతా మేం చేసింది అదే.

సందులు పెరిగాయి. మొదట పల్లవికి ఒకటి, తరవాత ప్రతి వరసకీ ఒకటి. ఎక్కడికెళ్ళినా నన్ను మెచ్చుకున్నారు. రాజోలులో ఒకాయన నా మెళ్ళో కండువా వేశాడు. ఆయన ఊపిరి ఎంత తగ్గితే నా పేరు అంత పెరిగింది. ఆ కండువా ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక బియ్యపు డబ్బా వెనక కుక్కాను.

ఆ రోజుల్లోనే మా మేనకోడలు, అంటే అక్క కూతురు, తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఏదో అమెరికా ఊరు. నల్లవాళ్ళు కోట్లు తొడుక్కుని శవం వెనక వీధిలో నడుస్తూ వాయిస్తున్నారు. ట్రంపెట్ పాట వాయిస్తోంది, క్లారినెట్ దాని చుట్టూ తిరుగుతోంది. బావగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"చూడరా, చూడరా. ఇదిగో ఇప్పుడు తీసుకుంటాడు" అన్నారు. ఫోన్లో ట్రంపెట్ ఆయన ఊపిరి తీసుకున్నాడు, క్లారినెట్ దూరింది. దుప్పటి మీద నా వేళ్ళూ కదిలాయి. "మన చుట్టాలు అక్కడ కూడా ఉన్నారన్నమాట. మా మావగారు చూసుంటే ఎంత మురిసిపోయేవారో."

అక్క మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఫోను చూడలేదు. ఆయన్నే చూస్తోంది.

ఆ మాఘంలో మా ఊరి అమ్మవారి జాతర. బావగారు కోటు తొడుక్కున్నారు. అది ఆయన ఒంటి మీద వేలాడింది. పాట మొదటి వరస సగం వాయించారు. కుచ్చులు కదిలాయి, నేను దూరాను. ఆయన అందుకుంటారని చూశాను. అందుకోలేదు. మళ్ళీ కట్టాను, మళ్ళీ చూశాను. చరణం వచ్చింది, పోయింది. ఆయన ట్రంపెట్ పెదవుల దగ్గరే పట్టుకుని నడుస్తున్నారు, కుచ్చులు కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం రావడం లేదు. నేను ఆగితే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆగలేదు. ఎక్కడెక్కడి సందులన్నీ తెచ్చి గుడిదాకా కట్టుకుంటూ పోయాను. జనం చప్పట్లు కొట్టారు, నాకేసి చూసి కొట్టారు. ఆయన కూడా ట్రంపెట్ చంకలో పెట్టుకుని, నాకేసి చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను మర్చిపోలేను. ఆయన ఎటకారానికి కొట్టలేదు, మనస్ఫూర్తిగా కొట్టారు. అందుకే మర్చిపోలేను.

ఆయన మళ్ళీ ట్రంపెట్ ముట్టుకోలేదు. వానాకాలం మొదట్లో ఒక పొద్దున్న, పడుకుంటే ఊపిరాడదని మంచం మీద కూర్చునే, గోడకి చేరగిలబడి పోయారు.

మా మేళంలో ఒక ఆచారం ఉంది. మేళం మనిషి పోతే, సాగనంపేటప్పుడు ఆయన వాయించే వరస ఇంకెవరూ వాయించరు. దాన్ని అలాగే ఖాళీగా వదిలి, మిగిలినవాళ్ళు తమ తమ వరసలు వాయిస్తారు. ఆయన వాయిద్యం ఇంటివాళ్ళు చేతుల్లో పట్టుకుని నడుస్తారు. నాన్న పోయినప్పుడు నేను ఆయన క్లారినెట్ చేతుల్లో పట్టుకుని నడిచాను, బావగారు పాట వాయించారు, సందులు ఖాళీగా ఉండిపోయాయి. పాట ఉంది కదా, విన్నవాళ్ళకి తేడా తెలియలేదు. కానీ మేళంలో ఉండగా ట్రంపెట్ మనిషి పోవడం, నాకు తెలిసి, అదే మొదలు. పాట పోయి సందులు మిగిలితే ఏమవుతుందో ఈ ఆచారం పెట్టిన మహానుభావుడు ఆలోచించినట్టు లేదు.

ట్రంపెట్ ఎవరు పట్టుకోవాలని అడిగితే అక్క ముందుకొచ్చింది. దాన్ని ఆయన ఎర్రకోటులో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజానికి ఆన్చుకుంది. ఆడవాళ్ళు కాలవ వంతెన దాకా వస్తారు, అవతల ఏటిగట్టు మీదికి మగవాళ్ళే వెళతారు. వంతెన దాకా తనే మోస్తానంది.

అన్నయ్య పెద్ద డ్రమ్ము నెమ్మదిగా మొదలుపెట్టాడు. బావగారు ఎప్పుడూ మొదట ఎత్తుకునే పాటే. మనసులో ఆ పాట నడుపుకుంటూ, సందు వచ్చిన చోట నాలుగు స్వరాలు వాయించి ఆగుతున్నాను. మళ్ళీ డ్రమ్ము ఒక్కటే. మళ్ళీ నాలుగు స్వరాలు. వర్షానికి గొడుగులేసుకుని అరుగుల మీద నిలబడ్డవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"ఏం పాటండీ అది? తలా తోకా తెలియట్లేదు" అన్నారెవరో.

పక్కూరి మేళం కీబోర్డు అతను తన ట్రక్కు ఆటోతో సహా వచ్చాడు. బావగారంటే అతనికి గౌరవం. మా ఆచారం అతనికి తెలియదు. పాట లేక మేం ఇబ్బంది పడుతున్నామనుకుని, సాయంగా, స్పీకరు తగ్గించుకునే, పాట ఎత్తుకున్నాడు. బాగానే వాయించాడు. ఒక్క తప్పు లేదు. పల్లవి చరణంలోకి, చరణం పల్లవిలోకి ఎక్కడా తెగకుండా పోతూనే ఉంది. నేను దూరడానికి చూశాను. చోటు లేదు. మళ్ళీ చూశాను. క్లారినెట్ నోట్లోంచి తీసేశాను. డ్రమ్ము కూడా ఆగింది.

అక్క వెనక్కి తిరిగింది. ఇంటి దగ్గర బయల్దేరాక ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆపమనరా. ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

కీబోర్డు ఆగిపోయింది. అతను ఆటో దిగి వచ్చి, వానలో తడుస్తూ చేతులు జోడించాడు. "తెలియక చేసేనండి అమ్మగారూ" అన్నాడు. పాపం, అతని తప్పేముంది. అక్క తల ఊపి మళ్ళీ నడిచింది.

ఈసారి నాకు ఎడమపక్కన, ఒక్క అడుగు ముందు నడిచింది. అన్నయ్య డ్రమ్ము అందుకున్నాడు. నేను అలవాటు కొద్దీ అటు చూశాను. అక్క భుజం మీద ఆ ఎర్రకోటు, దాని జరీ కుచ్చులు. పల్లవి సగానికి వచ్చేసరికి అక్క ఊపిరి తీసుకుంది, కుచ్చులు కదిలాయి. నా వేళ్ళు వెళ్ళిపోయాయి. వెళ్ళాక తెలిసింది నాకు. అది పాత సందు కాదు. కొత్తపేటలో ఆయన మొదటిసారి తడబడ్డ చోటు. చరణంలోనూ అంతే, రాజోలులోనూ జాతరలోనూ ఆయన ఆగిన చోట్లే. ఒక్కటి కూడా తప్పలేదు. మేమిద్దరం ఏడాది పొడుగునా ఎవరి దగ్గర దాచామో ఆవిడకి అన్నీ తెలుసు. అరుగు మీద ఆయన సాధన చేసినన్నాళ్ళూ ఆ ఊపిరి ఎక్కడెక్కడ తెగిందో వంటింట్లోంచి వింటూనే ఉంది. విని ఊరుకుంది. ట్రంపెట్ ఏట్లో పారేస్తుందని నేనన్నానే, ఆవిడ పారేయలేదు. ఆయన్ని ఊదుకోనిచ్చింది.

నేను ఏడుస్తూనే వాయించాను. క్లారినెట్ ఏడుస్తూ వాయించే వాయిద్యం కాదు, పెదవి పట్టు తప్పితే నోట్లో రీడు పుల్ల కీచుమంటుంది. కీచుమన్నా ఆపలేదు.

వంతెన దగ్గర అక్క ఆగింది. కోటుతో సహా ట్రంపెట్ మా మేనకోడలి చేతికిచ్చి, రెయిలింగు పట్టుకుని నిలబడింది. మేం దాటాం. అవతల గట్టు మీద అన్నయ్య డ్రమ్ము కొడుతూనే ఉన్నాడు. నేను ఎడమపక్కకి చూశాను. అటు ఏరు తప్ప ఏమీ లేదు. ఎక్కడ అందుకోవాలో నాకు తెలియలేదు. చితి దాకా డ్రమ్ము చప్పుడొకటే వెళ్ళింది.

పెద్దకర్మ అయ్యాక మా మేళానికి కీబోర్డు వచ్చింది. అన్నయ్య మొహమాటపడుతూనే పిలిచాడు. "నువ్వు కూడా రా తమ్ముడూ, ఊరికే పక్కన నడుద్దువుగాని" అన్నాడు. ఒక పెళ్ళికి వెళ్ళాను. ఊరేగింపంతా క్లారినెట్ పెదవుల దగ్గర పట్టుకుని నడిచాను. మళ్ళీ వెళ్ళలేదు.

సాయంత్రాలు అక్క ఇంటికి వెళతాను. ట్రంపెట్ మేకుకి తగిలించి ఉంటుంది. మొన్న అక్క అడిగింది, "ఆయన పాట ఒకసారి నువ్వు వాయించరా, విందాం" అని. క్లారినెట్ తీసి ఎత్తుకున్నాను. ఆ పాట నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. మొదటి స్వరం దగ్గరే వేళ్ళు పక్కకి జారిపోయాయి. మళ్ళీ ఎత్తుకున్నాను, మళ్ళీ అంతే.

"నాకు రావట్లేదక్కా" అన్నాను.

"పోనీలే. నీది నువ్వు వాయించు."

వాయించాను. నాలుగు స్వరాలు, ఆపైన ఖాళీ. మళ్ళీ నాలుగు స్వరాలు, మళ్ళీ ఖాళీ. ఇదివరకు ఖాళీలు నావి, ఇప్పుడు అన్నీ ఆయనవే. అక్క గోడకేసి చూస్తూ చాలాసేపు వింది. పొయ్యి మీద అన్నం దించే వేళయింది. లేచి వంటింట్లోకి వెళుతూ, ట్రంపెట్ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"చాలండీ" అంది నెమ్మదిగా. "ఆయాసమొస్తుంది."

నేను క్లారినెట్ దించేశాను.